తిరపతమ్మ చెయ్యి పడ్డ చెక్క

హైమావతి చేసిన నలభై ఒకటో చెక్క కూడా విరిగింది. బలం కొలిచే మిషను దాని మీద వాలనేలేదు. వస్తోందన్న భయానికే విరిగింది.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న చలమయ్యగారి ఫైబర్ బోర్డు ఫ్యాక్టరీలో ఆమె ల్యాబు. ఆ ఫ్యాక్టరీలోకి చెట్టన్నది రాదు. రైతులు పొలంలోనే తగలబెట్టేసే పత్తి కట్టె, మిరప కట్టె, ఇళ్ళు పడగొట్టినప్పుడు పీకిన తలుపులు, మూడు కాళ్ళ కుర్చీలు ట్రాక్టర్ల మీద వస్తాయి. వాటిని ఉడకబెట్టి, పీచు తీసి, జిగురు కలిపి, వేడి ప్రెస్సులో నొక్కితే బీరువాకీ బల్లకీ పనికొచ్చే చెక్క తయారవుతుంది. చిక్కల్లా ఆ జిగురుతోనే. దాని ఘాటుకి ఫ్యాక్టరీలో అందరికీ పొద్దస్తమానం కళ్ళ నీళ్ళే. ఒకసారి గేటు ముందు నుంచి పోతున్న వాళ్ళెవరో లోపలికొచ్చి అందర్నీ పరామర్శించి, శవం ఎక్కడుందని అడిగారు.

జిగురే అక్కర్లేదు, బూజు చాలంది హైమావతి. తడి పీచులో బూజు పెరిగితే దాని సన్నటి దారాలు పీచునీ పీచునీ కలిపి కుట్టేస్తాయి. అలా కుట్టగలిగే బూజునొకదాన్ని ఏడేళ్ళు కూర్చుని పెంచింది. వేడి తగిలితే చస్తుంది కాబట్టి చల్లటి ప్రెస్సులోనే నొక్కాలి. బూజు పెరిగేది, కుట్టేది, మూడో రోజుకి అలిగిన దర్జీలాగా కుట్లన్నీ ఊడదీసుకుని పోయేది. ఎందుకు పోతోందో ఆమెకి అర్థమయ్యేది కాదు.

ఆ మధ్యాహ్నం తోడికోడలు తిరపతమ్మ అన్నం క్యారియరు తీసుకుని వచ్చింది. ఇంటికి పెద్దకోడలామె. పదో తరగతి దాకా చదివింది, ఆవకాయ పెట్టడంలో మాత్రం ఆపై చదువులన్నీ చదివింది. ఆమె పెట్టిన పచ్చడి పాడవదు. మూడేళ్ళ కిందటి జాడీ ఒకటి పగుళ్ళిచ్చి పాడైపోయింది కానీ లోపలి ఆవకాయ అలాగే నిలబడి ఉంది. హైమావతి కాపురానికొచ్చిన ఏడాది ఒకే ఒక్కసారి ఆవకాయ పెట్టింది. పన్నెండో రోజుకి బూజు పట్టింది. అప్పట్నుంచీ అత్తగారు సౌభాగ్యమ్మ ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ సంగతే ఇస్తుంది. “పెద్దదాని చెయ్యి చెయ్యే. చిన్నది చదువుకుందిలే పాపం.”

తిరపతమ్మ క్యారియరు దింపి, హైమావతి గరిటెతో కలుపుతున్న తడి పీచు వంక చూసింది.

“అట్టా గెలికితే ఎట్టాగే అమ్మాయ్? చలిమిడి కలిపినట్టు అరచెయ్యి ఆనిచ్చి కలపాల.”

“అక్కా, ముట్టుకోకు. అది పరిశోధన.”

“ఆ, నేనేం తింటన్నానా?” అనేలోపే మోచేతుల దాకా దింపేసింది.

మూడో రోజు ఆ నలభై రెండో చెక్కని మిషనులో పెట్టారు. ముల్లు చివరిదాకా పోయి, అవతలికి దారి లేక అక్కడే నిలబడింది. మిషను మూలిగి ఫ్యూజు కొట్టేసుకుంది. చెక్క విరగలేదు. చలమయ్యగారు దాని మీద మోటారు సైకిలు ఎక్కించాడు, తర్వాత ట్రాక్టరు ఎక్కించాడు, ఆఖరికి తనే ఎక్కి గెంతాడు. ఈ మూడింటిలో చివరిదే బరువైన పరీక్షని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

“చేశారమ్మా హైమావతి గారూ! ఏం కలిపారు?”

హైమావతికి సంతోషం రావాలి. వచ్చింది కూడా. గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరున్నారో చూసి, చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి పోయింది.

ఆమె తన చేతులతో అచ్చం అలాగే కలిపింది. ఊడింది. చలిమిడి కూడా చేసి చూసింది, అదీ కుదరలేదు. ఫ్యాక్టరీలో ముప్పై ఇద్దరి చేత కలిపించింది. అన్నీ మూడో రోజుకి పొట్టుగా రాలాయి. తిరపతమ్మ కలిపినవి మాత్రం రాయిలా నిలబడ్డాయి. చలమయ్యగారు ఆమెకి ఉద్యోగం ఇచ్చి ల్యాబులో కుర్చీ వేయించాడు. కుర్చీ పక్కన ఫ్యాను పెట్టించాడు. ఏడేళ్ళుగా హైమావతి ఫ్యాను అడుగుతూనే ఉంది.

ఇంట్లో సౌభాగ్యమ్మ వీధి వీధంతా పిలిచి చెప్పింది. “మా పెద్దకోడలి చెయ్యి పడితే గడ్డి గూడా టేకయిపోద్ది!”

“మరి చిన్నకోడలండీ?”

“పక్కనుండి చూసుద్ది.”

హైమావతి ఆ రాత్రి అన్నంలో పెరుగనుకుని మజ్జిగ పులుసు పోసుకుని తింది. తేడా తెలియలేదు.

మనిషి చేతి మీద కంటికి కనపడని క్రిములు కోట్లలో కాపురం ఉంటాయని హైమావతికి తెలుసు. ఎవరి చేతి మీద క్రిములు వాళ్ళవే. తిరపతమ్మ చేతి మీది క్రిములకీ తన బూజుకీ ఎక్కడో జత కుదిరింది. అవి పక్కనుంటేనే బూజు కుట్టు విప్పకుండా నిలబడుతోంది. అలాంటప్పుడు కావలసింది క్రిములే కానీ తిరపతమ్మ కాదు.

“అక్కా, ఏదీ చెయ్యి ఇట్టియ్యి. జాతకం చెబుతా.”

“నీకెప్పుడొచ్చే జాతకం? సైన్సు గదా చదివింది?”

“ఆఖరి సంవత్సరం అదే చెప్తారు. ఈ జెల్లీ మీద ఆనించు, రేఖలు బాగా పడతాయి.”

“చల్లగా ఉందే తల్లీ. ఏం కనపడతంది?”

“విమానం ఎక్కుతావు.”

తిరపతమ్మ మూడు రోజులు ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది. ఈలోపు ఆ జెల్లీ మీద క్రిములు పెరిగాయి. వాటిని సీసాలో, సీసా నుంచి డ్రమ్ములో, డ్రమ్ము నుంచి ట్యాంకులో పెంచింది హైమావతి. ట్యాంకు మీద పేరు రాయాల్సి వచ్చినప్పుడు ‘హైమ-1’ అని రాసి, రంగు ఆరేదాకా అక్కడే కాపలా ఉంది. ఇప్పుడు మిషనే కలుపుతోంది. చెక్కలు తిరపతమ్మ కలిపినంత గట్టిగానే వస్తున్నాయి.

“ఇంక నువ్వు రానక్కర్లేదక్కా. ఇంటి దగ్గర సుఖంగా ఉండు.”

“అట్టాగా,” అంది తిరపతమ్మ. లోపలికి తొంగి చూసి, “కుర్చీ గూడా తీసేశారా?” అంది.

ఆమె రావడం మానేసిన ఇరవై ఒకటో రోజున హైమావతి బల్ల మీదున్న చెక్క మధ్యలో వంగింది. తిరపతమ్మ రోజూ క్యారియరు దింపేది దాని మీదే. ఆమె చెయ్యి తగలక వంగిందా? హైమావతికి ఆ అనుమానం వచ్చింది. పరీక్ష చేస్తే నెల పడుతుంది. నిజమని తేలితే ఆ కుర్చీ, ఆ ఫ్యాను మళ్ళీ వస్తాయి. బయట లారీలు లోడెత్తుకుని నిలబడి ఉన్నాయి. ఆమె నోటు పుస్తకంలో ‘వాన తేమ వల్ల’ అని రాసింది. ఆ నెలలో పేటలో వాన పడలేదు. మబ్బు నీడ కూడా పడలేదు. వంగిన చెక్కని బీరువా వెనక దాచి, కాగితాల మీద సంతకం పెట్టింది. లారీలు కదిలాయి.

రెండు నెలలకి మొదలైంది. మార్టూరులో ఒక బీరువా ఇంటాయనకి నడుం వంచి నమస్కారం పెట్టింది. ఒక బ్యాంకులో కౌంటరు సాగి ఒళ్ళోకి దిగడంతో గుమాస్తాలు పదింటికి కూర్చున్న వాళ్ళు సాయంత్రం ఐదు దాకా లేవలేదు. అది బ్యాంకు చరిత్రలో మొదటిసారట. అద్దంకి వైపు ఒక కల్యాణ మండపంలో వేదిక మెల్లగా గిన్నెలాగా అయిపోయి, తలంబ్రాల వేళకి వధూవరులు, పురోహితుడు, రెండు వైపుల పెద్దలు అందరూ మధ్యకి జారి ఒక్క కుటుంబం అయ్యారు.

చలమయ్యగారు తల పట్టుకుని హైమావతి ఇంటికొచ్చాడు. కాఫీ ఇచ్చారు. కాఫీ తాగుతూ వంటింటి అలమార వంక చూశాడు. అదీ ఆ ట్యాంకు చెక్కే. నిట్టనిలువుగా ఉంది.

“ఇది వంగలేదేంటమ్మా?”

“నేను రోజూ తుడుస్తానండీ,” అంది తిరపతమ్మ.

కారు డిక్కీలోంచి వంగిన చెక్క ఒకటి తెప్పించి ఆమె చేతికిచ్చారు. తిరపతమ్మ పసిపిల్లాడి వీపు నిమిరినట్టు నిమిరింది. పది నిమిషాలకి చెక్క టక్కుమని నిలబడింది. లెక్క చూస్తే ఒకసారి చెయ్యి పడితే ఇరవై రోజులు ఉంటుంది. తర్వాత మళ్ళీ వాలిపోతుంది. క్రిములు పుట్టిన చెయ్యి దూరమైతే మెల్లగా చచ్చిపోతున్నాయి, వాటితో పాటు బూజు కుట్టు వదులవుతోంది. కంపెనీ నాలుగు వేల చెక్కలు అమ్మేసింది. తిరపతమ్మకి ఉన్నది రెండు చేతులు.

అలా తిరపతమ్మ ఊరేగింపు మొదలైంది. కారు నడిపేది, జాబితా పట్టుకునేది హైమావతి. ఊరికో గుంపు. గుమ్మంలో ముగ్గులు. ఒకచోట డప్పులు పెట్టారు, ఒకచోట పసుపు నీళ్ళతో ఆమె చేతులు కడిగి ఆ నీళ్ళు తలమీద చల్లుకున్నారు. మెడలో దండ మీద దండ పడి, ఆమె కారులో కూర్చుంటే కళ్ళు, ముక్కు మాత్రమే కనిపించేవి.

“డ్రైవరమ్మకి గూడా ఒక అరటిపండు ఇయ్యండయ్యా,” అనేవాడు ఎవడో ఒకడు ప్రతి ఊళ్ళో.

హైమావతి ఆ అరటిపండు తినేది. ఏడేళ్ళు తను మేల్కొని పెంచిన బూజు, తను పేరు పెట్టిన ట్యాంకు, తన చెక్క. ఆ దండల్లో ఒక్క పువ్వు కూడా తనవైపు రాలలేదు. ఒకసారి ఒక రేకు రాలింది. గాలి తిప్పి మళ్ళీ తిరపతమ్మ ఒళ్ళోనే పడేసింది.

ఇంతలో తిరపతమ్మ కూతురు లహరి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. పుట్టింట్లో తల్లి లేదు. ఉదయం వినుకొండలో, సాయంత్రం ఒంగోలులో అలమారాలు నిమురుతోంది. నిమిరి నిమిరి అరచేతుల్లో చర్మం లేస్తోంది. లహరి ఫోను చేస్తే కారులోంచే సమాధానం.

“నిమ్మకాయ పచ్చడి ఎర్రమూత సీసాలో ఉందే. కాళ్ళు వాచాయా? మీ నాయనమ్మని అడుగు... సరే, ఊరొచ్చింది, డప్పులు వినపడతన్నాయి, పెట్టెయ్యి.”

పెట్టేశాక కొంగుతో ముక్కు తుడుచుకుని, దండలకి మెడ వంచేది.

హైమావతి ల్యాబులో దారి వెతుకుతోంది. తిరపతమ్మ చెయ్యి పట్టుకునీ, తిరపతమ్మ ముట్టుకున్నవే ముట్టుకునీ ఆ క్రిములు తన చేతి మీదకీ చేరాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది, ఉన్నాయి. అయినా తను నిమిరితే చెక్క లేవడం లేదు. పులుపు కొలిచే రంగు కాగితం అరచేతిలో పెట్టుకుని రోజంతా తిరిగింది. మామూలుగా పసుపు పచ్చగా ఉన్న కాగితం, సౌభాగ్యమ్మ “మా పెద్దది...” అని నోరు తెరవగానే ఎర్రబడింది. అత్తగారు పడుకున్నాక మళ్ళీ పసుపు. దండ పడ్డప్పుడు ఎరుపు. అరటిపండుకి ముదురెరుపు.

విషయం అర్థమైంది. కుళ్ళుకున్నప్పుడల్లా తన చెమట పులిసిపోతోంది. ఆ పులుపుకి క్రిములు చస్తున్నాయి. తిరపతమ్మకి కల్మషం లేదు కాబట్టి ఆ చెయ్యి పని చేస్తోంది. హైమావతి ఆ వాక్యం నోటు పుస్తకంలో రాయలేక రాయలేక రాసింది. పెన్ను రెండుసార్లు ఆగింది.

అయితే అసూయ మానేస్తే సరిపోతుంది. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని “మా అక్క మంచిది” అని నూటెనిమిది సార్లు అనుకోవడం మొదలుపెట్టింది. ముప్పై రెండో సారికి పళ్ళు నూరుకునే చప్పుడు పక్క గదిలోకి వినపడి, ఎలుకలేమోనని సౌభాగ్యమ్మ బోను పెట్టించింది. కాగితం ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు. చెక్క మాత్రం చలించలేదు.

లహరికి నెలలు నిండాయి. ఆరోజు మిట్టమధ్యాహ్నం టోల్ గేటు అవతల చెట్టు నీడలో కారు ఆపుకుని ఇద్దరూ పులిహోర పొట్లాలు విప్పారు. జాబితాలో ఇంకా రెండువేల పైనే ఉన్నాయి. తిరపతమ్మ ముద్ద కలపబోయి, మంటకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నన్ను ఇంటికి పంపియ్యవే హైమా. పిల్ల నొప్పులు పడతా అమ్మా అంటే పలికే దిక్కు లేకపోతే ఎట్టాగే?”

హైమావతి చేతిలోని ముద్ద మళ్ళీ పొట్లంలో పెట్టేసింది. ఏమనుకుందో ఏమో, మొత్తం చెప్పేసింది. జాతకం కాదనీ, క్రిములు దొంగిలించాననీ, వంగిన చెక్క ముందే చూశాననీ, వాన పడిందని అబద్ధం రాశాననీ. “అప్పుడే ఆపుంటే ఇవేవీ బయటికి పొయ్యేవి కాదక్కా. నువ్వు మళ్ళీ ఆ కుర్చీలో కూచుంటావని ఆపలేదు.”

తిరపతమ్మ పొట్లం మడిచి పక్కన పెట్టింది. “పోనీ,” అంది కారు వైపు చూపించి. ఇరవై కిలోమీటర్లు కిటికీలోంచి బయటికే చూసింది. హైమావతి అద్దంలో ఆమె మొహమే చూస్తూ నడిపింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తిరపతమ్మ తిట్లు కూడా పాడవకుండా నిలవుంటాయి కాబట్టి, భయం కూడా వేసింది.

“అయితే విమానం లేదా?” అంది తిరపతమ్మ ఉన్నట్టుండి.

“లేదక్కా.”

“బ్యాగు కొనుక్కున్నానే దరిద్రపుదానా.”

మళ్ళీ రెండు కిలోమీటర్లు.

“నేనొకటి చెప్తా విను. నువ్వు ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళు. తెల్లారగానే మెళ్ళో ఆ కార్డు తగిలించుకుని, కారు తాళాలు ఊపుకుంటా నువ్వు గేటు దాటతంటే, నేను పోపు మాడబెట్టని రోజు లేదే. నువ్వు ఆవకాయ పెట్టిన ఏడు... అత్తయ్య నలుగురికి చెప్పింది. నలభై మందికి చెప్పింది నేను. ఈ ఊరేగింపు మొదట్లో నాకెంత బాగుందో తెలుసా? నువ్వు కారు తోలతంటే వెనక కూచోటం! పిల్ల రాకపోతే ఇంకో ఏడు తిరిగేదాన్ని.”

హైమావతి కారు పక్కకి తీసి బ్రేకు వేసింది. బ్యాగులోంచి రంగు కాగితం తీసి తిరపతమ్మ అరచేతిలో పెట్టింది. పసుపుగా ఉండాలి. కల్మషం లేని చెయ్యి కదా.

కాగితం రక్తంలా ఎర్రబడింది.

“అక్కా, ఏదైనా మంచి సంగతి అనుకో.”

“ఏమనుకోమంటావు?”

“లహరిని అనుకో.”

అనుకుంది. ఎరుపే. దేవుణ్ణి అనుకుంది, ఎరుపే. అరగంట సేపు పది కాగితాలు మార్చారు. రవ్వంత కూడా రంగు మారలేదు.

హైమావతికి నవ్వొచ్చింది. స్టీరింగు మీద తల పెట్టి, హారను మోగుతున్నా ఎత్తకుండా నవ్వింది. కుళ్ళు ఉన్నందుకు కాదు క్రిములు చస్తున్నది, కుళ్ళు నిలకడగా లేనందుకు. తనది పొద్దున ఎక్కి సాయంత్రం దిగే కుళ్ళు. ఎక్కినప్పుడల్లా చదువుకున్నదాన్ని కదా అని దిగమింగుతోంది. ఆ ఎక్కుదిగుళ్ళకి ఏ క్రిమీ తట్టుకోలేదు. తిరపతమ్మది పద్దెనిమిదేళ్ళుగా ఒక్క మోతాదున ఊరిన కుళ్ళు. ఆ పులుపులోనే పుట్టి, ఆ పులుపులోనే తరాలు గడిపి, అదే లోకమనుకునే క్రిములవి. ఇన్ని ఊళ్ళలో బీరువాలు నిలబడ్డది దాని మీదే.

“అంటే నా చెయ్యి మంచిది కాదంటావా?” అంది తిరపతమ్మ అనుమానంగా.

“మంచిదే అక్కా. మంచి కుళ్ళుబోతు చెయ్యి.”

“నీది?”

హైమావతి డిక్కీలోంచి వంగిన చెక్క తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. నూటెనిమిది సార్లు మంచి మాటలు అనుకోలేదు. ఆపుకోలేదు, మింగలేదు. దండలు, ఫ్యాను, కుర్చీ, ఎగిరిపోయిన పూరేకు, అన్నిటినీ పిలిచి కూర్చోబెట్టుకుంది. తిరపతమ్మ పక్కన కూచుని సాయం చేసింది.

“మొన్న ఒంగోల్లో నా ఫొటో పటం కట్టించారంట.”

చెక్క ఒక అంగుళం లేచింది.

“పటానికి దండ గూడా ఏశారంట.”

ఇంకో అంగుళం.

ఆ సాయంత్రం తిరపతమ్మ ఇంటికి పోయింది. నాలుగో రోజున లహరికి ఆడపిల్ల పుట్టింది. చర్మం లేచిన ఆ అరచేతుల్లోనే పిల్లని పెట్టారు. గరుకు తగిలి పిల్ల ఏడ్చింది. తిరపతమ్మ కూడా ఏడ్చింది. పక్కన నిలబడ్డ హైమావతికి, పిల్లని ముందు తన చేతికి ఇవ్వలేదే అనిపించింది. దాన్ని ఆపుకోలేదు. గుప్పిట్లో కాగితం రంగు మారలేదు. ఎప్పటి ఎరుపే.

మర్నాడు జాబితాలో ఉన్నది నకరికల్లు వైపు ఒక పల్లెటూరి బడి. ఆరు తరగతులకీ బెంచీలు ఈ చెక్కవే. అన్నీ సాగిపోయి, పిల్లలు ఊయల్లో కూర్చున్నట్టు కూర్చుని ఎక్కాలు చెబుతున్నారు. హైమావతి ఒక్కతే కారు దిగింది. హెడ్‌మాస్టరు గేటు దగ్గర ఎదురొచ్చి, ఆమెని దాటుకుని పోయి కారు వెనక సీట్లోకి వంగి చూశాడు.

“అమ్మగారు రాలేదాండీ?”

“రాలేదండీ. మనవరాలు పుట్టింది. నేనొచ్చాను. ఈ చెక్క కనిపెట్టింది నేనే.”

“అట్టాగాండీ,” అన్నాడాయన. మొహం వాడిపోయింది. “పర్లేదులెండి. ఏం చేస్తాం. ఆవిడైతే బాగుండేది. పిల్లలు వారం నుంచి పాట గూడా నేర్చుకున్నారు.”

“ఏం పాట?”

“తిరపతమ్మ గారి చేతి మీదండీ. మా తెలుగు మాస్టారు కట్టారు. పన్నెండు చరణాలు.”

హైమావతి ఒకటో తరగతిలోకి పోయి, మొదటి బెంచీ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

“పాడించండి,” అంది.

“మీ ముందు ఎందుకులెండి...”

“పాడించండి మాస్టారూ. మొత్తం.”

పిల్లలు చేతులు కట్టుకుని అందుకున్నారు. మొదటి చరణం తిరపతమ్మ చేతి గాజుల మీద, రెండోది వేళ్ళ మీద. మూడో చరణంలో ఆ చేతికి గుడి కట్టాలన్నారు. అప్పటికి బెంచీ టక్కుమని లేచింది. ఆరో చరణానికి ఆ గదిలో బెంచీలన్నీ వరసగా నిలబడ్డాయి. హైమావతి కళ్ళు మూసుకుని, తాపీగా, ఒక్క అక్షరం వదలకుండా వింది. పన్నెండో చరణం అయ్యేసరికి, ఆమె ఇంకా గడప కూడా తొక్కని పక్క తరగతుల్లోంచి టకటకా, టకటకా అని చప్పుడు మొదలైంది.